గేటు బయటా ఓ కన్ను!

దగ్గర్లోనే సింగరేణి బొగ్గు, పక్కనే గోదావరి నీళ్లు... ఫ్యాక్టరీకి ఇంతకన్నా ఏం కావాలి! ఆ ధీమాతోనే అప్పటి కరీంనగర్ జిల్లా రామగుండంలో బొగ్గుతో యూరియా చేసే ఎఫ్‌సీఐ కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది. కానీ యంత్రాలు మొరాయించాయి, కరెంటు ఇబ్బంది పెట్టింది. ఈలోగా వేరే చోట్ల సహజవాయువుతో యూరియా తీసే ఫ్యాక్టరీలు వచ్చేశాయి. నష్టాలు పేరుకుని 1999లో తాళం పడింది. దాన్నే నమ్ముకున్న కుటుంబాలు దిక్కుతోచక నిలిచాయి.

ఇంధనం, టెక్నాలజీ, పోటీ, ప్రభుత్వ విధానాలు... బయటి మార్పుల్ని ఎప్పటికప్పుడు కనిపెట్టడాన్నే మేనేజ్‌మెంట్ పాఠాల్లో ‘ఎన్విరాన్‌మెంటల్ స్కానింగ్’ అంటారు. మబ్బు చూసి కల్లంలో వడ్లమీద పరదా కప్పే రైతు చేసేదీ అదే!

అప్పటి ఆదిలాబాద్ జిల్లా కాగజ్‌నగర్‌లో అడవి వెదురును నమ్ముకుని వెలసిన సిర్పూర్ పేపర్ మిల్లుకూ కష్టకాలం తప్పలేదు. 2014లో ఆగిపోయి, 2018లో జేకే పేపర్ చేతికి వెళ్లాకే మళ్లీ కదిలింది.

రామగుండంలోనూ 2021లో ఆర్ఎఫ్‌సీఎల్ పేరుతో మళ్లీ యూరియా వచ్చింది. ఈసారి బొగ్గుతో కాదు, పైపులైన్లో వచ్చే గ్యాస్‌తో. ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యం. మరి ఇక నిశ్చింతేనా? 2022లో ఎక్కడో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైతే ప్రపంచమంతా గ్యాస్ ధరలు భగ్గుమన్నాయి. గేటు బయట చూడాల్సిన పని ఒక్కరోజుతో తీరేది కాదు మరి!