గాలి నింపే చేతికీ విద్య కావాలి

సింగపూరుకూ రబ్బరుకూ గల అనుబంధం 1877 నాటిది. ఆ సంవత్సరం లండను సమీపంలోని క్యూ ఉద్యానం నుండి 22 రబ్బరు మొక్కలు ఇక్కడికి చేరాయి. 1888లో ఇక్కడి బొటానిక్ గార్డెన్స్ బాధ్యతలు చేపట్టిన హెన్రీ రిడ్లీ, చెట్టుకు చేటు కలగకుండా పాలు తీసే పద్ధతిని రూపొందించాడు. అదే ఏడాది జాన్ డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు పొందాడు. అనంతరం మలయా తోటలలో రబ్బరు పాలు తీసిన కూలీలలో మన తెలుగువారూ ఉన్నారు. చెట్టు నుండి చక్రం వరకు సాగిన ఈ కథలో చివరి మజిలీ టైరు దుకాణం. అక్కడ పనిచేసే మనిషికి ఎంత శాస్త్రజ్ఞానం అవసరమో మనం సాధారణంగా ఆలోచించము.

రబ్బరు అణువులు పొడవైన గొలుసుల వంటివి. రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే దానికి దృఢత్వం వస్తుందని 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొన్నాడు. గొలుసుల మధ్య వంతెనలు ఏర్పడటమే అందుకు కారణం. అయితే ఆక్సిజన్, ఓజోన్, ఉష్ణం కాలక్రమాన ఈ నిర్మాణాన్ని దెబ్బతీస్తాయి. పైగాట్లు అరగకపోయినా టైరు వృద్ధాప్యం పొందుతుంది. అందుకే టైరు పక్కన ముద్రించిన నాలుగంకెల సంఖ్యను చూడాలి. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం.

ఇక గాలి సంగతి. లారీ టైరులో పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 7 కిలోలు ఉంటుంది. పక్కగోడ వైశాల్యం 5000 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, దానిపై పడే మొత్తం బలం 35 టన్నులు! గాలి తక్కువగా ఉన్న టైరును నడిపితే పక్కగోడ ప్రతి చుట్టులోనూ వంగి, వేడెక్కి, లోపలి ఉక్కుతీగలు అలసిపోతాయి. తీగను పదేపదే వంచితే తెగిపోవటం మనకు తెలిసినదే. బయటికి ఏ లోపమూ కనిపించకపోవచ్చు. మళ్ళీ గాలి నింపేటప్పుడు ఆ గోడ జిప్పు తెరిచినట్లు ఒక్కసారిగా చీలిపోతుంది.

శిక్షణ పొందినవాడు అటువంటి టైరును ముందు లోపలి నుండి పరీక్షిస్తాడు. దానిని ఇనుప పంజరంలో ఉంచి, వాల్వుకు తనంతట తానే పట్టుకొని ఉండే బిగింపును పొడవైన గొట్టంతో తగిలించి, పక్కకు తొలగి నిలబడి గాలి నింపుతాడు. టైరు అంచు రిమ్ములో కూర్చోవటానికి పెట్రోలు చల్లి నిప్పంటించే ప్రమాదకరమైన అలవాటు జోలికి పోడు. అమెరికాలో పెద్ద వాహనాల చక్రాలపై పనిచేసేవారికి ఇట్టి శిక్షణ తప్పనిసరి చేస్తూ 1980లో నిబంధన వచ్చింది. సింగపూరులో 2006 నాటి కార్యస్థల భద్రతా చట్టం, పనివారికి తగిన బోధన, శిక్షణ, పర్యవేక్షణ కల్పించే బాధ్యతను యజమానిపై ఉంచింది. 1992లో ఏర్పడిన ఇక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నికల్ ఎడ్యుకేషన్ వాహన సాంకేతిక విద్యను బోధిస్తున్నది.

దుకాణ నిర్వహణ కూడా ఈ విద్యలో భాగమే. పీడనమాపకం సరిగా చూపుతున్నదా, నట్లను నిర్ణీత బిగువుతో ఎదురెదురు వరుసలో బిగించారా, ఆ వివరాలు నమోదు చేశారా అన్నది యజమాని చూసుకోవాలి. తొందరపెట్టే యజమాని వద్ద మంచి పనివాడు కూడా మెట్లు దాటవేస్తాడు.

మన ఊళ్ళ రహదారుల పక్కన పంక్చరు దుకాణాలలో కుర్రవాళ్ళు పెద్దల పని చూసి నేర్చుకుంటారు. వారి నేర్పు తక్కువది కాదు. కానీ ఇనుప పంజరమూ, ఆ హెచ్చరికలూ వారిలో చాలామందికి అందలేదు. సెలవులకు స్వదేశం వెళ్ళి కారు అద్దెకు తీసుకున్నప్పుడు టైరు తేదీ చూడండి, చల్లగా ఉన్నప్పుడే గాలి కొలిపించండి, పక్కగోడకు పడిన రంధ్రానికి అతుకు వేయించవద్దు. గాలి నింపే కుర్రవాడు లారీ చక్రానికి ఎదురుగా కూర్చుంటే, పక్కకు జరగమని ఒక్క మాట చెప్పండి. ఎందుకో కూడా వివరించండి. కారణం తెలిసిన జాగ్రత్త మరునాడు మీరు లేనప్పుడూ నిలుస్తుంది.