మన పండుగ మంచు

పాఠశాల సంచికకై విద్యార్థులు వ్రాసి యిచ్చు క్రిస్మసు పద్యములను మేము ఏటేట చదువుచుందుము. వానిలో ఒక వింత తరచుగా కానవచ్చును. పద్యము వ్రాసిన బాలుడు రాజోలువాడు, బాలిక కొత్తపేటది; పద్యములో మాత్రము ఇంటికప్పుపై తెల్లని మంచు కురియుచుండును, పొయ్యిగొట్టములోనుండి గడ్డపు తాత దిగుచుండును. అందులో కొబ్బరిచెట్టు ఒక్కటియు నుండదు. ఈ మంచు మన పిల్లల పద్యములలోనికి ఎచ్చటనుండి వచ్చినదో, దానిని మన మేమి చేయవలయునో యీ వ్యాసమున వివరింప దలచితిమి.

1823 డిసెంబరు 23వ తేదీన అమెరికాలో ట్రాయ్ అను పట్టణపు వార్తాపత్రికయందు, కర్త పేరు లేకుండ, సెయింటు నికొలాసు రాకను గూర్చిన యొక హాస్యగేయము వెలువడెను. తరువాత క్లెమెంటు క్లార్కు మూర్ అను పండితుడు దానిని తన గ్రంథములో చేర్చుకొనెను. అది మన చాటుపద్యములవలె నవ్వించుటకు పుట్టిన రచన. అయినను ఎనిమిది శీతలదేశపు దుప్పులు లాగెడి బండియు, పొయ్యిగొట్టపు దారియు దానివలననే లోకమంతట వ్యాపించెను. 1843లో చార్లెసు డికెన్సు ప్రకటించిన క్రిస్మసు కథలో స్క్రూజి యను పిసినారి ఒక్క రాత్రిలో మారి, తెల్లవారుసరికి ఉదారుడయ్యెను. కఠినహృదయము పండుగనాడు కరుగుట యను కథాక్రమమునకు అదియే పెద్ద యొరవడి యయినది.

చలనచిత్రములు వచ్చిన పిమ్మట ఈ రెండును, అనగా నవ్వుపాటయు మెత్తబడు హృదయమును, ప్రేమకథతో కలిసినవి. 1940లో ఎర్నెస్టు లూబిచ్ తీసిన ‘ది షాప్ అరౌండ్ ది కార్నర్’ అను చిత్రము చూడుడు. బుడాపెస్టు నగరమున ఒక దుకాణములో పనిచేయు యువకుడును యువతియు పగలెల్ల కలహించుకొందురు. వారిద్దరే, పేర్లు తెలియకుండ, ఒకరికొకరు ఆదరముతో ఉత్తరములు వ్రాసికొనుచుందురు. క్రిస్మసు ముందటి రాత్రి గుట్టు తెలియును. ఎదుట నున్న మనిషిని మనము సరిగా చూడలేదని తెలిసికొనుటయే యిందలి మాధుర్యము. 1998లో ఈ కథనే కంప్యూటరు ఉత్తరములతో మార్చి మరల చిత్రముగా తీసిరి. నేడు అమెరికాలో ఒక టెలివిజను సంస్థ ప్రతి సంవత్సరమును ఇట్టి పండుగ ప్రేమచిత్రములనే వరుసగా తీయుచున్నది. పట్టణమునుండి పల్లెకు వచ్చిన యువతి, పల్లెను విడువని యువకుడు, ఒక అపార్థము, ఒక క్షమాపణము, పైన మంచు. ముగింపు అందరికిని ముందే తెలియును, తెలిసినందుననే చూతురు. పండుగనాడు మనస్సు కోరునది వింతను గాదు, ఊరటను.

అయితే ఆ మంచును గూర్చి యొక సంగతి గమనింపదగినది. 1942లో వచ్చిన ‘హాలిడే ఇన్’ అను చిత్రములోని ‘వైట్ క్రిస్మస్’ పాటవలన మంచు పండుగకు గుర్తుగా మరింత స్థిరపడెను. దానిని రచించిన ఇర్వింగు బెర్లిను రష్యా సామ్రాజ్యమున పుట్టి, అయిదేండ్ల ప్రాయమున అమెరికా చేరిన యూదుడు. ఆయన పసికుమారుడు 1928లో సరిగా క్రిస్మసునాడే మరణించెను. ఆ పాటకు మొదట నొక ముందుమాట వంటి భాగము కలదు. దాని నిప్పుడు అరుదుగా పాడుదురు. అందులో పాడువాడు కాలిఫోర్నియాలో, తాటిజాతి చెట్లనడుమ, వెచ్చని యెండలో నుండి తన యూరి మంచును తలచుకొనుచున్నాడు! కావున ఆ మంచు అలంకారము కాదు, బెంగ. యుద్ధకాలమున దూరదేశములలో నున్న సైనికులు ఆ పాటను హత్తుకొనుటకు కారణ మిదియే. అతనికి మంచు ఎట్టిదో, దూరదేశమున నున్న కోనసీమవానికి కొబ్బరితోటయు కాలువగట్టును అట్టివి.

ప్రేమకథలను పాఠశాల సంచికలో ప్రస్తావించుట తగునా యని కొందరు తలిదండ్రులు శంకింపవచ్చును. వారికి మేము రూతు గ్రంథమును జ్ఞాపకము చేయుదుము. క్రిస్మసుకు ఎన్నో తరముల ముందే బేత్లెహేములో ఒక ప్రేమకథ నడచినది. అందులో మంచు లేదు. యవల కోత యున్నది. పరదేశియు విధవరాలునైన రూతు, అత్తయగు నయోమిని విడువక వచ్చి, పరుల చేనిలో పరిగె యేరుకొనెను. బోయజు ఆమెకై పిడికెళ్లు కావలెనని విడిచిపెట్టుడని కోతగాండ్రకు చెప్పెను. వారి వివాహమునుండి ఓబేదు, అతని వంశమున దావీదు, మత్తయి వ్రాసిన వంశావళిప్రకారము యేసుక్రీస్తు కలిగిరి. మన సీమలోను సార్వావరి కోతలు ముగిసిన పిమ్మటనే క్రిస్మసు వచ్చును. పరిగె యన నేమో మన పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు. బోయజు విడిచిన ఆ పిడికెడు పనలకంటె చక్కని ప్రేమలేఖ ఏ చిత్రములోను మేము చూచి యెరుగము.

ఇక పద్యము మాట. మన పూర్వులు పరదేశమునుండి వచ్చిన సువార్తను పరదేశపు బాణీలకే వదలిపెట్టలేదు. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) దానిని మన రాగతాళములలో కీర్తనలుగా పాడిరి. గుఱ్ఱం జాషువగారు ‘క్రీస్తు చరిత్ర’ను తెలుగు పద్యములలో రచించి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము పొందిరి. నవ్వుపద్యమునకు ఆటవెలది మిక్కిలి యనుకూలము. ఒకటి, మూడు పాదములలో మూడు సూర్యగణములు, రెండు ఇంద్రగణములు. రెండు, నాలుగు పాదములలో అయిదును సూర్యగణములే. నాలుగవ గణము మొదటి యక్షరమున యతి. ప్రాస నియమము లేదు గనుక పిల్లలకు భయము లేదు.

ఒకసారి ఒక బాలిక మంచును, దుప్పులబండిని వర్ణించి పద్యము తెచ్చెను. ఛందస్సు సరిగానే యున్నది. “అమ్మా, పండుగనాడు మీ యింట నేమి జరుగును?” అని యడిగితిమి. కొంతసేపు ఊరకుండి, తన తల్లి కువైటులో ఇంటిపనికి పోయి రెండేండ్లయినదనియు, సినిమాలలో అందరును పండుగకు ఇంటికి వత్తురు గాని తన తల్లి రాలేదనియు చెప్పెను. పిమ్మట ఆమెయే నవ్వి, తండ్రి అరిసెలు వండబోయి మాడ్చిన సంగతియు, వానిని ఫోనులో చూచి తల్లి నవ్విన సంగతియు చెప్పెను. “ఇదియే నీ పద్యము” అంటిమి. ఇద్దరమును కూర్చుండి కట్టిన పద్య మిది:

నాన్న వండినట్టి నల్లని యరిసెలు
చూచి ఫోనులోన సోలి నవ్వె;
అమ్మ రాని యింట నలమిన చీకటి
నవ్వుదివ్వె వెలుగ నడచిపోయె.

చిత్రములో కథ రెండు గంటలలో ముగియును, రావలసినవారు వత్తురు. మన యిండ్లలో కొందరు ఈ యేడు రారు. ఆ లోటును దాచిన పద్యము ఎంత మెరసినను చదువువారి మనస్సున నిలువదు. దానిని చెప్పి నవ్వించిన పద్యము నిలుచును. తలిదండ్రులారా, పండుగ చిత్రములను పిల్లలతో గూడ కూర్చుండి చూడుడు. పిమ్మట మన యింటి కథ యేమని వారి నడుగుడు.

విద్యార్థులారా, మంచును విడువుమని మేము చెప్పుట లేదు. తెలుగున ఆకాశమునుండి రాలు తెల్లని తునకలకును, వేకువను కాలువలపై కమ్ముకొను తెల్లని పొగకును మంచు అనియే పేరు. మొదటిదానిని మీరు తెరపై చూచితిరి. రెండవదానిలో మీరు క్రిస్మసు వేకువను క్రొత్తబట్టలు కట్టుకొని గుడికి నడచితిరి. కొబ్బరిమట్టలనుండి అది చుక్కలుగా మీ నెత్తిపై రాలినది. వచ్చు సంచికకు ఆ మంచును వ్రాసి తెండు.