చికిత్సా, చాకిరీనా?
కర్నూలు, కడప ఆటిజం కేంద్రాల్లో ఆయా పని, టీచరు పని

ఆటిజం వున్న ఐదేళ్ల పిల్లవాడికి పాయఖానా అలవాటు ఎట్ల చేయిస్తారో ముందు చూద్దాం. రోజూ ఒకే వేళకు తీసుకుపోవాలి. లాగూ విప్పుకోవడం, కూర్చోవడం, కడుక్కోవడం, చేతులు కడుక్కోవడం - ఒక్కొక్కటి విడిగా, బొమ్మ చూపించి, చేయిపట్టి నేర్పాలి. నీళ్ల చప్పుడుకు బెదిరితే ఆగాలి, మళ్లీ మొదలుపెట్టాలి. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. నడుమ బట్టల్లో పోసుకుంటే కడగాలి, మార్చాలి, కోప్పడకూడదు. ఈ పనిని చదువుకున్న థెరపిస్టు ఫైల్లో రాస్తే అది 'టాయిలెట్ ట్రైనింగ్'. చికిత్సలో ఒక భాగం. అదే పనిని ఆయా చేస్తే అది 'కడిగే పని'. పిల్లవాడు వాడే, పని అదే. పేరు మారింది, పేరుతోపాటు విలువ మారింది. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందనేదే యిక్కడ ప్రశ్న.

కేంద్రాలు ఏవి, పనిచేసేది ఎవరు?

ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో పేదింటి పిల్లలకు అందుబాటులో వున్న ప్రభుత్వ ఏర్పాట్లు ముఖ్యంగా రెండు. ఒకటి మండలంలో బడి ఆవరణలోనే నడిచే భవిత కేంద్రం. సర్వశిక్షా అభియాన్ కాలంలో వచ్చిన ఈ కేంద్రాలు 2018 నుంచి సమగ్ర శిక్ష కింద నడుస్తున్నాయి. ఇందులో ఐఇఆర్‌టీలని పిలిచే ప్రత్యేక టీచర్లు, ఆయా వుంటారు. ఫిజియోథెరపిస్టు వారానికోసారి వచ్చిపోతాడు. రెండోది, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో ఏర్పాటైన సత్వర చికిత్సా కేంద్రం. అక్కడి స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు, ప్రత్యేక టీచరు జాతీయ ఆరోగ్య మిషన్ కాంట్రాక్టు మీద పనిచేస్తారు. ఇవి గాక పట్టణాల్లో ప్రైవేటు థెరపీ సెంటర్లు వున్నాయి. అక్కడ గంటకు వందల రూపాయలు కట్టాలి. కూలిపనితో బతికే కుటుంబానికి అది అందదు.

చట్టం విషయానికొస్తే, 1995 వికలాంగుల చట్టం గుర్తించిన ఏడు వైకల్యాల్లో ఆటిజం లేదు. 1999 నేషనల్ ట్రస్టు చట్టంలో ఆ పేరు వచ్చింది. 2016 చట్టం వైకల్యాల జాబితాను 21కి పెంచి ఆటిజాన్ని అందులో చేర్చింది. అంటే పిల్లవాడి హక్కు కాగితం మీదికి రావడానికే రెండు దశాబ్దాలు పట్టింది. ఆ హక్కును రోజూ చేతులతో అమలుచేసే మనిషి హక్కు గురించి ఇంకా మాటే మొదలు కాలేదు.

పని స్వభావం

ఆటిజం పిల్లలతో పని గుంపులో అయ్యేది కాదు. ఒక పిల్లకు మాట రాదు, ఒకనికి చప్పుడు పడదు, ఒకడు తల గోడకు కొట్టుకుంటాడు. ఆ తలకూ గోడకూ నడుమ అడ్డం పెట్టాల్సింది ఆయా చేయే. కొరుకుళ్లు, గీరుళ్లు మామూలే. పెద్దపిల్లల్ని ఎత్తి కూర్చోబెట్టి నడుము పట్టేస్తుంది. దీన్ని పనిలో తగిలిన గాయంగా ఎవరూ రాసుకోరు, 'పిల్లలన్నాక తప్పదులే' అంటారు. తీవ్ర వైకల్యం వుండి కేంద్రానికి రాలేని పిల్లల ఇంటికి టీచర్లే పోవాలి. బస్సు లేని ఊరికి ఆటో ఎక్కి, దిగి, నడిచి పోవాలి.

దీనికి తోడు కరువు. కోసిగి, కౌతాళం, హొళగుంద వైపు ఊర్లనుంచి కుటుంబాలు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు, బెంగళూరులో కట్టడం పనులకు పోతారు. పిల్లవాడిని వెంట తీసుకుపోతే థెరపీ ఆగిపోతుంది. అవ్వ దగ్గర వదిలిపోతే, వయసుడిగిన అవ్వ కేంద్రానికి ఎత్తుకురాలేదు. నాలుగు నెలల తర్వాత తిరిగొచ్చేసరికి నేర్చినది చాలావరకు జారిపోయి వుంటుంది. టీచరూ ఆయా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఈ రెండోసారి శ్రమ ఏ రిజిస్టరులోనూ కనిపించదు. రిజిస్టరులో కనిపించేది హాజరు తగ్గిందన్న మాటే.

ఆటిజం పిల్లవాడికి అన్నిటికంటే ముఖ్యమైనది అదే మనిషి, అదే చోటు, అదే వరుస. మనిషి మారితే వాడు నేర్చిన మాట కూడా మరిచిపోవచ్చు. కాబట్టి పనివాళ్లను నిలవనివ్వని ఏర్పాటు పిల్లలకు కూడా అన్యాయం చేసే ఏర్పాటే. ఈ రెండింటినీ విడదీసి చూడటానికి వీల్లేదు.

'గౌరవ' వేతనం

ఈ పనివాళ్లలో పర్మినెంటు మనిషిని వెతకాల్సిందే. టీచర్లు కాంట్రాక్టు, ఆయా గౌరవ వేతనం. ఆ మాటలో ఒక కిటుకు వుంది. ఇచ్చేది జీతమని ఒప్పుకుంటే కనీస వేతనం, పి.ఎఫ్., గ్రాట్యుటీ అడగొచ్చు. గౌరవ వేతనమంటే ఆమె సేవ చేస్తున్న మనిషి, కార్మికురాలు కాదు. పిల్లల ఖర్చు లెక్క కూడా అట్లాంటిదే. సమగ్ర శిక్ష నిబంధనల్లో ప్రత్యేక అవసరాలు గల ఒక్కో విద్యార్థికి ఏడాదికి 3,500 రూపాయలు. నెలకు మూడు వందలు కూడా పడదు.

ప్రైవేటు సెంటర్లలో ఇంకో రకం. అప్పుడే డిప్లొమా చేతికొచ్చిన ఆడపిల్లల్ని తీసుకుంటారు. ఒక పిల్లవాడు పోగానే ఇంకొకడు, నడుమ ఊపిరి తీసుకునే సందు వుండదు. తల్లిదండ్రులు కట్టే ఫీజుకూ థెరపిస్టుకు వచ్చే జీతానికీ పొంతన వుండదు. మానేసిపోకుండా ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకునే చోట్లు కూడా వున్నాయి.

కులం ఎక్కడుంది?

ఇందులో కులమెక్కడుందని కొందరు అడుగుతారు. కేంద్రంలో ఎవరిని ఎట్ల పిలుస్తారో వినండి. థెరపిస్టు 'మేడం', ఆయా 'ఏమ్మా, ఇట్ల రా'. చొల్లు తుడిచేది, మలం ఎత్తేది, కొరికితే ఓర్చుకునేది ఎవరి వంతు? మన ఊర్లలో భూమి లేక, చదువు నడుమ ఆగిపోయి, చిన్న జీతానికైనా ఇంటికి దగ్గరి పని కావాల్సిన ఆడమనిషి ఏ వాడలో వుంటుంది? కులం పనిని పంచడంతో ఆగదు, పనిచేసేవాళ్లనే మెట్లుమెట్లుగా పేర్చి పెడుతుందని బాబాసాహెబ్ అంబేద్కర్ 1936లోనే వాదించారు. థెరపీ సెంటరు కొత్తది కావచ్చు, అందులోని మెట్లు పాతవే. శరీరాన్ని తాకే పని, మైల అంటే పని కింది మెట్టుకు దిగుతుంది. కాగితం మీద రాసే పని పైమెట్టుకు పోతుంది. తేడా అల్లా, దీనికి ఇప్పుడు 'అర్హత' అనే పేరు దొరికింది.

అట్లయితే చదువులేని మనిషికి థెరపిస్టు హోదా ఇమ్మంటారా అని ఎదురు ప్రశ్న వస్తుంది. కాదు. 1992 పునరావాస మండలి చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేనివాళ్లు ఆ వృత్తి చేయకూడదు. అది పిల్లల రక్షణకోసం వున్న నియమం, వుండాల్సిందే. అడుగుతున్నది వేరు. పదేళ్లుగా అదే పని చేస్తున్న ఆయాకు పైమెట్టు ఎక్కే దారి ఎందుకు లేదు? పునరావాస మండలి 2021లో సమాజ ఆధారిత సహిత అభివృద్ధి పేరుతో ఆరునెలల కోర్సు మొదలుపెట్టింది. సికిందరాబాదులో 1984లో పుట్టిన జాతీయ సంస్థ వుంది. చదువు చెప్పే చోట్లు లేక కాదు, ఆయాను నేర్చుకోగల మనిషిగా చూడకపోవడంవల్ల ఆ దారి పడలేదు.

కదిలిన చోట కదిలింది

అంగన్వాడీల అనుభవం యిక్కడ గుర్తుచేసుకోవాలి. 2023 నవంబరు 28న కేంద్ర ప్రభుత్వం అంగన్వాడీల్లో వికలాంగ పిల్లల గుర్తింపుకోసం ఒక ప్రోటోకాల్ విడుదల చేసింది. ఆటిజం లక్షణాలను మొదట పసిగట్టే బాధ్యత అంగన్వాడీ కార్యకర్త మీద పడింది. అప్పుడు మన రాష్ట్రంలో ఆమెకు వస్తున్నది నెలకు 11,500, సహాయకురాలికి 7,000. రెండు వారాలకే, డిసెంబరు 12న, వాళ్లు సమ్మెకు దిగారు. జనవరి 6న ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. అయినా సమ్మె 42 రోజులు నిలబడింది. ఆ డిసెంబరులోనే సమగ్ర శిక్ష కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగులూ సమ్మె చేశారు. గౌరవ వేతనం తీసుకునే అంగన్వాడీలకు గ్రాట్యుటీ హక్కు వుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 25న చెప్పి వుంది. ఆ తర్కం భవిత ఆయాకు ఎందుకు వర్తించదు?

2025 మార్చి 7న సుప్రీంకోర్టు ప్రత్యేక టీచర్ల పోస్టులు మంజూరు చేయాలని, ఏళ్లుగా కాంట్రాక్టులో వున్నవాళ్ల అర్హతలు పరిశీలించాలని రాష్ట్రాలను ఆదేశించింది. ప్రాథమిక స్థాయిలో పదిమంది పిల్లలకు ఒక టీచరు, ఆ పైన పదిహేనుమందికి ఒకరు అన్నది ప్రమాణం. తర్వాత మన రాష్ట్రం 2,260 పోస్టులకు ఉత్తర్వులిచ్చింది. మంచిదే. కానీ ఆ కేసు టీచర్లది. ఆయా ఆ తలుపు బయటే నిలబడి వుంది.

కాబట్టి అడగాల్సినవి స్పష్టంగా వున్నాయి. ఆయా చేసే పనిని పిల్లవాడి చికిత్సా పథకంలో పేరుపెట్టి రాయాలి. గౌరవ వేతనం పోయి వేతనం రావాలి. గాయాన్ని గాయంగా నమోదు చేయాలి. పనిచేస్తూనే చదువుకునే దారి, ఆ చదువు ఖర్చు ప్రభుత్వం భరించాలి. ఏ మెట్టు మీద ఏ కులంవాళ్లు ఎంతమంది వున్నారో జిల్లావారీగా ప్రకటించాలి. వికలాంగుల హక్కుల సంఘాలు, దళిత సంఘాలు ఇన్నాళ్లూ వేర్వేరు దారుల్లో నడిచాయి. మాట రాని పిల్లవాడి చేయి పట్టుకుని కూర్చున్న ఆ ఆడమనిషి దగ్గర రెండు దారులూ కలుస్తాయి. ఆమె నిలబడితేనే వాడు నేర్చుకుంటాడు.