పేరు విండోస్‌ది, పని దొంగది: నకిలీ ఎస్‌వీసీహోస్ట్‌ని పట్టుకోండిలా

ఉస్మానియా క్యాంపస్‌లో పీహెచ్‌డీ చేస్తున్న జూనియర్ ఒకడు పోయిన నెల తార్నాకలోని మా రూమ్‌కి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. ఏ ప్రోగ్రామూ ఓపెన్ చేయకుండానే ఫ్యాన్ గయ్యిమంటోంది. వారంలో థీసిస్ ఇవ్వాలి. టాస్క్ మేనేజర్ తెరిస్తే, ఎస్‌వీసీహోస్ట్.ఈఎక్స్‌ఈ ఒకటి సీపీయూని సగానికి పైగా తినేస్తోంది.

"అన్నా, అది విండోస్‌దే గదా, ఎండ్ టాస్క్ కొడితే సిస్టమే పోతదేమో!"

దొంగకి కావాల్సింది ఈ భయమే. సర్వీసులను నడిపే ఈ ప్రోగ్రామ్ పదుల సంఖ్యలో కనిపించడం మామూలే. ఆ గుంపులో ఇంకోటి దూరితే ఎవరు లెక్కపెడతారు? 2017 మేలో ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లనూ లాక్ చేసిన వాన్నాక్రై, తన సర్వీసుకు పెట్టుకున్న పేరు "మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ సెంటర్ (2.0) సర్వీస్". దొంగ ఖాకీ వేసుకుని స్టేషన్‌కే వచ్చినట్టు!

రైట్ క్లిక్ చేసి ఓపెన్ ఫైల్ లొకేషన్ నొక్కాను. అసలుది ఉండాల్సింది విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32లో (32 బిట్ కాపీ అయితే సిస్‌వావ్64లో). ఇది యాప్‌డేటాలో తేలింది. దొరికిపోయింది.

అన్నీ ఇంత తేలిగ్గా దొరకవు. కొన్ని మాల్వేర్‌లు అసలు ఫైల్‌నే స్టార్ట్ చేసి, మెమరీలో దాని కోడ్ తీసేసి తమ కోడ్ పెడతాయి. దీన్నే ప్రాసెస్ హాలోయింగ్ అంటారు. అప్పుడు ఫోల్డర్ కరెక్టే, మైక్రోసాఫ్ట్ సంతకమూ కరెక్టే. అక్కడ చూడాల్సింది దాన్ని పుట్టించింది ఎవరని. మైక్రోసాఫ్ట్ వారి ఉచిత టూల్ ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ ఈ వంశవృక్షం చూపిస్తుంది. ఎస్‌వీసీహోస్ట్‌కి తండ్రి సర్వీసెస్.ఈఎక్స్‌ఈ అయి ఉండాలి, కమాండ్ లైన్‌లో "హైఫన్ కె" అని, పక్కన ఒక గ్రూపు పేరు ఉండాలి. వర్డ్ ఫైల్‌కో బ్రౌజర్‌కో పుట్టిందంటే అనుమానించాల్సిందే. యూజర్ నేమ్ దగ్గర మీ పేరు కనిపించిందని మాత్రం కంగారు పడకండి, విండోస్ 10 నుంచి కొన్ని అసలు సర్వీసులూ అలాగే నడుస్తాయి. స్పెల్లింగ్ కూడా చూడండి: వీ, సీ అటూ ఇటూ మార్చి "ఎస్‌సీవీహోస్ట్" అని పెట్టడం పాత ట్రిక్కే, ఇప్పటికీ కళ్లు మోసపోతాయి.

ఎక్కడి నుంచి వచ్చిందిరా అంటే కాసేపు నీళ్లు నమిలి, క్రాక్ చేసిన స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ సంగతి చెప్పాడు. నెట్ కట్ చేసి, డాక్యుమెంట్లు, డేటా షీట్లు మాత్రమే కాపీ చేసి, విండోస్ మళ్లీ వేశాం. ఆ ఒక్క ఫైల్ డిలీట్ చేస్తే చాలదా అన్నాడు. అది ఇంకేం దింపిందో మనకెలా తెలుస్తుంది? పాస్‌వర్డ్‌లన్నీ నా ఫోన్‌లోంచి మార్పించాను. రెండు రాత్రులు పోయాయి, థీసిస్ టైమ్‌కే ఇచ్చాడు.