అవయవ మార్పిడి పిదప జాగ్రత్త

కోల్‌కతా నగరమున సాల్ట్ లేక్‌లోని స్వాస్థ్య భవన్ పశ్చిమ బెంగాల్ ఆరోగ్యశాఖకు ప్రధాన కార్యాలయము. అవయవ మార్పిడి జరుపు ఆసుపత్రులను తనిఖీ చేయు బాధ్యతను 1994 నాటి కేంద్ర చట్టము రాష్ట్ర ప్రభుత్వము నియమించు అధికారికి అప్పగించినది. ఆ తనిఖీ శస్త్రచికిత్సతో ముగియదు. పిమ్మట రోగికిని, అవయవమిచ్చిన దాతకును జరుగు వైద్యమును గూడ పరిశీలింపవలెను. దాతను మరువకుండుట మెచ్చదగినది.

2004లో అమెరికాయందు ఒక మృతుని కాలేయమును, రెండు మూత్రపిండములను, ఒక రక్తనాళపు ముక్కను పొందిన నలుగురును రేబీస్ వ్యాధితో మరణించిరి. దాతను గబ్బిలము కరచిన సంగతి స్నేహితులు ఎరుగుదురు; వైద్యులెరుగరు!

కావున జంతువు కాటు, కామెర్లు, పాత జ్వరములు స్వల్పముగా తోచినను దాత బంధువులు దాచక చెప్పవలెను. అవయవము పొందిన ఒకరికి అంటువ్యాధి సోకినచో, అదే దాత అవయవములు చేరిన తక్కిన ఆసుపత్రులకు ఆ వార్త వెంటనే అందవలెను.