సెంజి కోట ఎక్కబోయే ముందు

పౌర్ణమి వచ్చిందంటే చిత్తూరు, వేలూరు వైపుల నుంచి మన తెలుగువాళ్లు ఎంతమంది తిరువణ్ణామలై గిరిప్రదక్షిణకు వెళతారో మీకు తెలియంది కాదు. అక్కడికి తూర్పుగా, తిండివనం రోడ్డు మీద దాదాపు 40 కిలోమీటర్లు వెళితే సెంజి కోట వస్తుంది. ఇంగ్లీషువాళ్ల నోట అది జింజీ అయింది. బస్సు కిటికీలోంచి ఆ బండరాళ్ల కొండలను చూసి, ఎప్పుడైనా ఎక్కుదాంలే అనుకుని సాగిపోయేవాళ్లే ఎక్కువ. నిజంగా ఎక్కాలనుకునేవారికి నాలుగు మాటలు చెబుతాను.

ప్రదక్షిణ చేసిన మర్నాడు మాత్రం ఈ పని పెట్టుకోకండి. రాత్రి 14 కిలోమీటర్లు చెప్పులు లేకుండా నడిచిన కాళ్లు రాజగిరి మెట్లకు సహకరించవు.

సెంజి ఒక్క కొండ కాదు, మూడు కొండలు: రాజగిరి, కృష్ణగిరి, చంద్రాయన దుర్గం. మూడింటినీ కలుపుతూ సుమారు 13 కిలోమీటర్ల గోడ. ఒక్క రోజులో అన్నీ చూడాలనుకుంటే ఏదీ చూడలేరు. ఎక్కేది రాజగిరి అని ముందే తేల్చుకోండి. ఎత్తు 800 అడుగులే కదా అనిపిస్తుంది గాని, చాలాచోట్ల నీడ ఉండదు, పొద్దెక్కేకొద్దీ బండ కాలుతుంది. సాయంత్రం దగ్గరపడితే పైకి వదలరు. అందుకని గేటు తెరిచే వేళకే అక్కడ ఉండాలి. జనవరి, ఫిబ్రవరి నెలలు మంచివి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు మెట్లు జారుతాయి. ఎండాకాలం మాట తలపెట్టవద్దు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు సంచిలో పెట్టి భుజాన వేసుకోండి. చేతిలో పొట్లం కనిపిస్తే కోతులు ఊరుకోవు.

కొండ కొనకు చేరేముందు ఒక పెద్ద చీలిక అడ్డం వస్తుంది. దాని మీద చిన్న వంతెన. ఆ వంతెన తీసేస్తే పైవాళ్లను ఎవరూ ఏమీ చేయలేరు. కొండ మీదనే నీటి గుంటలు, కింద చెరువులు, ఎత్తయిన ధాన్యపు కొట్లు. శివాజీ కొడుకు రాజారామ్ ఇక్కడ తలదాచుకున్నప్పుడు 1690లో ముట్టడి మొదలుపెట్టిన మొగలు సైన్యానికి కోట చిక్కింది 1698లో! అప్పటికి రాజారామ్ తప్పించుకుపోయాడు కూడా. అంతటి కోటను 1750లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఒక్క రాత్రి దాడితో పట్టుకున్నాడు. లోపలున్నది అంతకుముందే ఓడి బెదిరిపోయిన సైన్యం. మన బొబ్బిలి కథలో వినిపించే బుస్సీ ఇతడే.

ఇక ఈ కోట ఎవరిది? తమిళ పల్లెల్లో అడిగితే దేశింగు రాజుది అంటారు. 1714లో ఆర్కాటు నవాబుతో పోరాడి చిన్న వయసులోనే చనిపోయిన వీరుడాయన. ఆయన రాణి పేరు మీదే రాణిపేట వెలిసిందని చెప్పుకుంటారు. 2025లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి చేరింది మరాఠాల దుర్గాలలో ఒకటిగా. రెండూ సరైనవే. కాని 16వ శతాబ్దంలో విజయనగరం తరఫున వచ్చి, 1649లో బిజాపూరు సైన్యం పట్టుకునేదాకా ఏలి, ఇక్కడి కట్టడాలు ఎన్నో నిలబెట్టిన తెలుగు నాయకుల పేరు ఎత్తేవారే అరుదు. నాకు ఇది కాస్త కష్టంగానే ఉంటుంది.

అందుకే మోకాళ్ల నొప్పులున్న పెద్దలను గేటు దగ్గర చెట్టుకింద కూర్చోబెట్టి మీరు పైకి పోవద్దు. వాళ్లను కింద తిప్పండి. అంతస్తులంతస్తులుగా లేచిన కల్యాణ మహల్, దానికి మట్టి గొట్టాలతో నీళ్లు తెచ్చిన ఏర్పాటు, ధాన్యపు కొట్లు అన్నీ చదునునేల మీదే ఉన్నాయి. ముత్యాలు నాయకుడు కట్టించిన వేంకటరమణస్వామి గుడి గోపురద్వారంలో రామాయణ ఘట్టాలు, పాలసముద్రాన్ని చిలికే బొమ్మలు చెక్కి ఉన్నాయి. నన్నడిగితే కొండకొన మీది కన్నా అసలు చూడవలసింది ఇక్కడే ఉంది.

సెంజి నుంచి పుదుచ్చేరి 70 కిలోమీటర్లు. సాయంత్రానికి అక్కడికి చేరితే సముద్రపొడ్డున గాంధీ విగ్రహం చుట్టూ ఉన్న చెక్కుడు రాతిస్తంభాలను ఆగి చూడండి. అవి సెంజి నుంచి ఫ్రెంచివాళ్లు తరలించినవే.