నాన్న కొలతకో చేతికర్ర

విరిగిన మంచం కోడు, పాత పార కామ, ఒక రబ్బరు బుష్. వీటితో ఇంట్లోనే గట్టి చేతికర్ర తయారవుతుంది. ఇంటిపెద్ద కొలతకు సరిగ్గా సరిపోతుంది కూడా!

చార్మినార్‌కు పడమరగా ఉంది హుస్సేనీ ఆలం. కుతుబ్‌షాహీల కాలం నాటి అలం పేరే ఈ బస్తీకి వచ్చింది. పల్లెల్లో పీరంటామే, అదే అలం. కర్రకు బిగించి భక్తిగా ఎత్తి పట్టే చిహ్నం. అలాంటి చోట పుట్టి పెరిగిన మా నాన్నకు చేతికర్ర పట్టాలంటే నామోషీ. కుడి మోకాలు అరిగినా గల్లీలో గోడ పట్టుకునే నడిచేవారు. "కర్ర పడితె ముసలోణ్నయినట్టే గద బిడ్డా" అనేవారు.

బతిమాలి కొనిచ్చిన కర్ర పొడుగైంది. భుజం ఎగేసి నాలుగు రోజులు నడిచి, తలుపు మూలన పెట్టేశారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో దొరల చేతికర్రలు చూసినప్పుడు మాత్రం నాన్న కళ్లు మెరిశాయి. అవి దర్జాకు పట్టినవి. ఆయనకూ తనదనిపించే కర్ర కావాలి. అందుకే ఇంట్లోనే చేద్దామనుకున్నాం.

కర్ర ఎంపిక

గురువారం జుమేరాత్ బజార్‌లో పాత సామాన్ల మధ్య ఒక పార కామ దొరికింది. మందం అంగుళం పైచిలుకు. చెక్కలో చారలు ఈ కొస నుంచి ఆ కొస దాకా తిన్నగా ఉండాలి. అవి పక్కకు జారిన చోటే కర్ర విరుగుతుంది. ముడులు, పగుళ్లు, పురుగు రంధ్రాలు ఉంటే వదిలేయండి. రెండు కొసలూ ఇటుకల మీద ఆనించి, నడుమ చేత్తో గట్టిగా అదమండి. చిటపటమన్నా, బాగా వంగినా పనికిరాదు. పచ్చి కొమ్మయితే కొసలకు మైనం పూసి నెలల తరబడి నీడలోనే ఆరనివ్వాలి. ఎండలో పెడితే పగులుతుంది.

కొలతే ప్రాణం

నాన్నను రోజూ వేసుకునే చెప్పులతో, చేతులు వదులుగా వేలాడేసి నిటారుగా నిలబడమన్నాను. నేల నుంచి మణికట్టు ముడత దాకా 34 అంగుళాలు. పిడి పై అంచు అక్కడికే రావాలి. అప్పుడే కర్ర పట్టుకున్న మోచేయి కొద్దిగా, 15 నుంచి 20 డిగ్రీలు వంగుతుంది. పిడి మందం ఒకటిన్నర, బుష్ మందం అర అంగుళం తీసేసి, పిడిలోకి దిగే అంగుళం కలిపితే 33. అక్కడ కోశాం.

మంచం కోడు ముక్కే పిడి. పక్క గల్లీ వడ్రంగి బరమాతో రంధ్రం వేసి, జిగురు పూసి కర్రను దింపి, పక్కనుంచి చెక్క చీల కొట్టారు. ఒక రాత్రంతా కదపలేదు. తర్వాత 80, 120, 220 నంబర్ల సాండ్‌పేపర్ వరసగా పట్టాం. పిడిని నాన్నే రుద్దుకున్నారు, అరచేతికి నచ్చేదాకా. పైన అవిసె నూనె. నూనె గుడ్డను ఉండచుట్టి పడేయకండి, దానంతటదే వేడెక్కి అంటుకోగలదు. పరిచి ఆరబెట్టండి. అడుగున బుష్ బిగువుగా ఎక్కాలి, గాట్లు అరిగితే మార్చాలి. మొత్తం ఖర్చు ఒక పూట కూరగాయలంత.

ఏ చేత్తో పట్టాలి?

నొప్పి ఉన్న కాలి వైపే కర్ర పట్టడం చాలామంది చేసే పొరపాటు. కుడి మోకాలు నొప్పయితే ఎడమ చేత్తో పట్టాలి. కర్ర, కుడికాలు కలిసి ముందుకు పడాలి. తరచూ తూలిపోతున్నా, తల తిరుగుతున్నా కర్రతో సరిపెట్టకండి, డాక్టరుకు చూపించండి.

చేసే వీలులేని పేద వృద్ధులకు 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. చేతికర్ర ఉచితంగా ఇస్తారు.

ఇప్పుడు నాన్న గోడ పట్టుకోవడం లేదు. ఎవరైనా అడిగితే "పిడి నేనే రుద్దిన" అని చూపిస్తున్నారు. మీ ఇంటిపెద్ద పడేదాకా ఆగకండి. ఈ ఆదివారమే చెప్పులు వేసుకుని నిలబడమనండి. నేల నుంచి మణికట్టు దాకా టేపు పట్టండి.